పడుగు కాపలా

మా వీధిలో పడుగు వేసి ఉండగా కుక్క కనబడిందంటే ముందు కర్ర లేస్తుంది, తరువాత మనిషి లేస్తాడు. పెడనలో మగ్గం ఉన్న ఏ ఇంటినైనా అడగండి. తెల్లవారుతూనే వీధి ఈ చివర రెండు కర్రలు, ఆ చివర రెండు కర్రలు కత్తెరలా నిలబెట్టి, వాటి మీద వేల పోగులు నడుమెత్తున బిగించి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదిరేలోగా ఆరబెట్టుకోవాలి. ఆ రెండు గంటలూ ఆ నూలు పచ్చి బాలింతతో సమానం. గాలి గట్టిగా తగలకూడదు, చినుకు పడకూడదు. ఇక కుక్క దూరి ఒళ్ళు రాసుకుందంటే, తెగిన పోగు వెతికి వెతికి ముళ్ళు వేసుకోవడానికి ఒక పూట పోతుంది.

నా పేరు చౌడేశ్వరమ్మ. బడి మూడో తరగతి సగంలో మానేశాను. చదువు లేదు గానీ జ్ఞాపకం ఉంది. ఉప్పెన వచ్చిన ఏడాది మా మగ్గం మీద సగంలో ఉన్న చీర గచ్చకాయ రంగు, నేరేడుపండు అంచు. ఆ చీర ఎవరు కట్టుకున్నారో కూడా చెప్పగలను. ఈ వీధిలో ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, వాళ్ళని బతిమాలింది ఎవరో అన్నీ చెప్పగలను. "సచివాలయంలో కాగితాలైనా పోతాయి గానీ నీ బుర్రలోవి పోవే" అంటారు మా ఆయన సాంబమూర్తి. ఇదంతా గొప్పకి చెప్పడం లేదు. డెబ్బై ఏళ్ళలో ఒక్కటి, అవసరమైన వేళకి గుర్తు రాలేదు. దాని సంగతి చెప్పాలంటే ఆషాఢం నుంచీ మొదలుపెట్టాలి.

శ్రావణం పెళ్ళిళ్ళకి చీరలు అందించాలని వారానికి రెండు పడుగులు వేస్తున్న రోజులు. ఆ పొద్దున మా ఆయన ఒక పక్క, ఎదురింటి మాణిక్యం ఒక పక్క నిలబడి కుంచె లాగుతున్నారు. మాణిక్యం మా ఆయనకి వరసకి తమ్ముడు. నోరు ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు.

"కుక్క! అన్నయ్యా, కుక్క!"

గోధుమరంగు బక్క కుక్క ఒకటి, పడుగు కిందనుంచి దూరి గంజి తొట్టి వైపు వస్తోంది. దాని మెడకి ఎర్ర రిబ్బను. మా ఆయన చేతికందిన కర్ర ఎత్తారు. అది దిగేలోగా ఎక్కడినుంచి వచ్చిందో ఒక పిల్ల, పోగుకి తగలకుండా ఇంత కిందికి వంగి దూరి, కుక్క మీద బోర్లా పడింది. దెబ్బ పిల్ల భుజం మీద పడింది.

మా ఆయన కర్ర వదిలేసి అక్కడే కూలబడ్డారు. ఆయన చేత్తో ఏ పిల్లనీ కొట్టి ఎరగరు.

నేను వెళ్ళి లేవదీశాను. తొమ్మిదేళ్ళుంటాయేమో. బడి యూనిఫారం. రెండు జడల్లో ఒక జడకే రిబ్బను ఉంది. రెండోది కుక్క మెడలో ఉంది.

"నీకు కళ్ళు లేవా పిల్లా? ఊరకుక్క కోసం దెబ్బ తింటావా?" అన్నాడు మాణిక్యం.

"అదేం తెంపలేదుగా! గంజి వాసనకి వచ్చింది. దానికి ఆకలి."

"మరి నీకు?" అన్నాను.

"నాక్కాదు" అంది. తొట్టి వంకే చూస్తోంది.

ఇంట్లోకి తీసుకెళ్ళి చద్దన్నం, పెరుగు, మాగాయ ముక్క వేసి పెట్టాను. మొదటి ముద్ద తన నోట్లో పెట్టుకోలేదు. గడప దగ్గరికెళ్ళి కుక్కకి పెట్టొచ్చింది. "నువ్వు తిను తల్లీ, దానికి నేను పెడతాను" అని, తొట్టి అడుగున మిగిలిన గంజిలో రెండు గుప్పెళ్ళ అన్నం కలిపి బయటపెట్టాను. పడుగుకి పెట్టగా మిగిలిన గంజి మా ఇళ్ళలో ఎప్పుడూ పారబొయ్యం. బియ్యం కాచిందే గదా, గేదెకో కుక్కకో పోస్తాం. మా అత్తగారు పోసింది, నేనూ పోశాను.

తిన్నాక అడిగింది. "మామ్మా, బెజవాడ ఇంకెంత దూరం?"

"రైల్లో రెండు గంటలు. ఎవరున్నారు అక్కడ?"

"మా అమ్మ. బెంజి సర్కిలు దగ్గర ఆస్పత్రిలో ఉంది. పిల్లల్ని రానియ్యరంట. నేను కిటికీలోంచి చూసి వచ్చేస్తా."

విషయమంతా కూడదీసుకుంటే తేలింది ఇది. బందరులో మేనత్త ఇంట్లో ఉంటోంది. ముందురోజు బడికని బయలుదేరి బెజవాడ రైలెక్కింది. నల్లకోటు ఆయన పెట్టెలోకి రావడం చూసి భయపడి మా ఊళ్ళో దిగిపోయింది. రాత్రి స్టేషను బల్ల మీద పడుకుంటే ఈ కుక్క వచ్చి కాళ్ళ దగ్గర ముడుచుకుంది. పేరు అడిగితే చెప్పదు. మేనత్త పేరు చెప్పదు. చెబితే వెనక్కి పంపేస్తారని.

సచివాలయంలో మహిళా పోలీసు కృప అని ఒక అమ్మాయి ఉంది, కబురు చేస్తే సాయంత్రానికల్లా వచ్చింది. ఫొటో తీసుకుంది, తన పై అధికారులతో ఫోన్లో మాట్లాడింది. బందరు బాలసదనానికి తీసుకెళతానంటే పిల్ల కుక్కని వాటేసుకుని వదల్లేదు.

"దీన్ని కూడా రాసుకోండి మేడం. ఇద్దరు తప్పిపోయినవాళ్ళని" అంది.

కృపకి నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మళ్ళీ ఫోను చేసి అనుమతి తెచ్చుకుంది. "మామ్మగారూ, వాళ్ళవాళ్ళు దొరికేదాకా మీ దగ్గరే ఉంచండి. నేను రోజూ రెండుసార్లు వచ్చి చూసి వెళతాను."

అలా మూడు రోజులు మా ఇంట్లో ఉంది. మూడే రోజులు. నాకు మాత్రం మూడేళ్ళు ఉన్నట్టు.

నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటే, కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్టిన చిన్న గొట్టం, పక్కన కూర్చుని చూసేది. కుక్క తోక ముక్కుకి ఆనించుకుని గుండ్రంగా పడుకుంటే, "మామ్మా, చూడు, దీన్ని కూడా చుట్టేశావు" అంది. అప్పటినుంచి దాని పేరు కండె. ఆడకుక్క.

రెండో పొద్దున పడుగు వేస్తుంటే పిల్ల చిన్న పుల్ల పట్టుకుని ఆ చివర కర్రల దగ్గర నిలబడింది. కండెని పక్కన కూర్చోబెట్టింది. అది లేవబోతే "ఊహూఁ" అంటుంది, అంతే, కూర్చుంటుంది. మూడోనాటికి ఆ "ఊహూఁ" కూడా అక్కర్లేకపోయింది. కోడి వచ్చినా మేక వచ్చినా కండె పడుగు పక్కనుంచి, పోగుకి తోక కూడా తగలకుండా, వెళ్ళి తరిమి వచ్చి మళ్ళీ అక్కడే కూర్చునేది.

"వదినా, నలభై ఏళ్ళుగా మనం కుక్కల్ని తోలుతున్నాం. ఒక్క కుక్కకి ఉద్యోగం ఇద్దామని తోచిందా మనకి?" అన్నాడు మాణిక్యం. "జీతం గంజేగా, నీకంటే నయం" అన్నారు మా ఆయన.

పని అయ్యాక నేను గంజి పోస్తే కండె తాగే ముందు పిల్ల మొహం చూసేది. పిల్ల "తాగు" అంటేనే తాగేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మూడో రోజు మధ్యాహ్నం పిల్ల తండ్రి వచ్చాడు. పవన్‌కుమార్. ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని. పక్కన అతని అక్క కనకలక్ష్మి. పాపం, తమ్ముడికి చెప్పడానికి భయపడి రెండు రోజులు చుట్టాలిళ్ళన్నీ తిరిగి, ఆ తరువాత కంప్లెయింటు ఇచ్చిందట. పిల్ల పేరు అక్షయ అని అప్పుడు తెలిసింది. తండ్రిని చూసి పిల్ల పరుగెత్తుకు రాలేదు. కండె మెడ పట్టుకుని అరుగు మీదే కూర్చుంది.

అతను వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. "వాళ్ళమ్మ పోయి రెండు నెలలైంది పిన్నిగారూ. డెంగీ. నాలుగు రోజుల్లో అయిపోయింది. చిన్నపిల్ల, తట్టుకోలేదని చెప్పలా. ట్రీట్‌మెంట్ జరుగుతోంది, వచ్చేస్తుంది అని చెబుతున్నాం."

"ఎన్నాళ్ళు చెబుతావు?"

"కొంచెం పెద్దదయ్యాక..."

"నాయనా, నువ్వు చెప్పకపోయినా దానికి తెలుసు. బళ్ళో ఎవరో అన్నారంట, మీ అమ్మ చచ్చిపోయిందంటగా అని. రాత్రి నా పక్కన పడుకుని చెప్పింది. అది నిజమా కాదా చూసుకుందామనే రైలెక్కింది. నువ్వు అబద్ధం చెప్పబట్టే తొమ్మిదేళ్ళ పిల్ల ఒంటరిగా రైలెక్కింది. తెలుస్తోందా? ఇవాళ ఈ గడప దాటేలోగా నీ నోటితో చెప్పు. పిల్లలకి చావు కంటే అబద్ధమే ఎక్కువ భయం."

ఎంత దర్జాగా చెప్పానో చూడండి. నాకు ప్రతి మాటా గుర్తుంది.

అతను అరుగు మీద కూతురి పక్కన కూర్చుని చెప్పాడు. ఎలా చెప్పాడో నేను వినలేదు, కనకలక్ష్మికి మంచినీళ్ళు ఇస్తున్నాను. తొంగిచూస్తే పిల్ల ఏడవడం లేదు. కండె వీపు మీద మొహం పెట్టుకుని ఉంది. తరువాత తల ఎత్తింది.

"ఎక్కడ పెట్టారు?"

"మన ఊరి సంగమం దగ్గర, కృష్ణలో కలిపామమ్మా."

"నాకు చూపించలా."

"చిన్నదానివని..."

"నాకు చూపించలా" అంది మళ్ళీ.

బయలుదేరే వేళకి కండెతో చిక్కొచ్చింది. పిల్లని ఇక తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు తండ్రి, ఇబ్రహీంపట్నంలో అతనుండేది మేడ మీద ఒక్క గది. ఇంటివాళ్ళు పిల్లినే రానివ్వరట. పిల్ల కండెని వదిలి రానంటుంది. తండ్రి బతిమాలాడు, మేనత్త కసిరింది. నేను పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాను.

"అమ్మలూ, కండెకి ఇక్కడ ఉద్యోగం ఉందిగా. నేను చూసుకుంటా. నువ్వు ఆదివారం ఆదివారం ఫోన్ చెయ్యి. దసరా సెలవులకి నాన్న తీసుకొస్తాడు. నీ కండె నీకు చెక్కు చెదరకుండా అప్పజెబుతా."

"ఒట్టు?"

"ఒట్టు."

"నువ్వు అబద్ధం చెప్పవుగా?"

"నేనా? అడుగు మీ నాన్నని, వంటింట్లో ఏం చెప్పానో."

పిల్ల కండె చెవిలో ఏదో చెప్పి, నన్ను చూపించి, "మామ్మ తాగమంటే తాగు" అంది. వెళ్ళిపోయింది.

ఆదివారం పది గంటలకి ఫోను మోగేది. ఎత్తగానే, "కండె ఏదీ?" ఫోను దాని చెవి దగ్గర పెట్టేదాన్ని. లోపల్నుంచి "కండే, కండే" అని పిలుపు, ఇక్కడ తోక నేలకేసి టపటపా కొట్టుకోవడం. ఆ తరువాతే నాతో మాట. బడి మారిందని, నాన్న వండిన పప్పు మాడిందని, సంగమానికి వెళ్ళి అమ్మకి పూలు వేసొచ్చానని. ఒకసారి, "నాన్న ఇప్పుడు అన్నీ చెబుతున్నాడు మామ్మా, జీతం రాకపోయినా చెబుతున్నాడు" అంది. మా ఆయన ఆ రోజు నా వంక చూసి, "పెద్ద పనే చేశావే" అన్నారు. సంతోషించాను. ఎందుకు సంతోషించకూడదు?

కండె ఒళ్ళు చేసింది. దాని కాపలాలో ఒక్క పోగు తెగలేదు. పక్క వీధివాళ్ళు వచ్చి అడిగేవాళ్ళు, "రేపు మాకు పడుగుంది, కండెని పంపుతారా?" అని.

భాద్రపదం వచ్చింది. ముసురు పట్టి పది రోజులు వదల్లేదు. ఆ తడికి, గంజి పెట్టిన పడుగు మగ్గం మీదే బూజు పట్టింది. రెండు చీరలు నల్లచుక్కలతో చేనేత సొసైటీ నుంచి వెనక్కి వచ్చాయి. ఇలాంటి ముసురు వచ్చినప్పుడు పాతకాలంలో గంజిలో కొంచెం మైలుతుత్తం కలిపేవారు. నీలంగా పటికబెల్లం ముక్కల్లా ఉంటుంది, విషం. కలిపితే నూలు జోలికి బూజు రాదు. మా ఇంట్లో అది వాడి పాతికేళ్ళు దాటింది.

వినాయకుణ్ణి కాలవలో కలిపిన మూడో రోజు, బుధవారం. కాస్త తెరిపి ఇచ్చింది. మా ఆయన నూతి పళ్ళెం దగ్గర నిలబడి వేపపుల్ల నములుతూ అన్నారు. "ఒసేయ్, ఇవాళ గంజిలో మైలుతుత్తం వేశాను. మిగిలింది పారబోసెయ్యి, తొట్టి కడుగు." చూరు నుంచి నీళ్ళు ఆయన భుజం మీద పడుతుంటే పక్కకి జరిగారు. నేను పొయ్యి ఊదుతూ "ఊఁ" అన్నాను. అంత వివరంగా గుర్తుంది నాకు. గుర్తు రావలసిన వేళకి రాలేదు, అంతే.

మబ్బు వెలుతురులో పడుగు అయింది. కండె కాపలా కాసింది. మాణిక్యం కుంచె కడుక్కుని వెళ్ళిపోయాడు. నేను ఎప్పటిలాగే తొట్టి వంచి అడుగు గంజి సత్తుగిన్నెలోకి ఒంపాను. కరగని పలుకులన్నీ ఆ అడుగునే ఉన్నాయని ఇప్పుడు తెలుసు. రెండు గుప్పెళ్ళ అన్నం కలిపాను. చేత్తోనే కలిపాను. పెట్టాను.

కండె వచ్చి వాసన చూసింది. మూతి వెనక్కి తీసుకుంది. నా మొహం చూసింది.

"ఏమే, ఒళ్ళు చేసేసరికి గంజి చేదయిందా? తాగు" అన్నాను.

నా మొహమే చూస్తోంది.

"తాగవే, నీ కూలి నీకే" అని వీపు నిమిరాను. తాగింది. చేదు అనిపించి ఉంటుంది. అయినా గిన్నె నాకి మరీ తాగింది.

గంట తిరిగేసరికి పెరట్లో వాంతులు. నీలంగా, పచ్చగా. ఆ రంగు చూడగానే వేపపుల్లా, చూరు నీళ్ళూ, ఆయన అన్న మాటా వరసగా కళ్ళ ముందుకి వచ్చి నిలబడ్డాయి. మా ఆయన్ని కేకేశాను. పాలు పట్టాం, కోడిగుడ్డు సొన పట్టాం. మాణిక్యం బండి మీద వెళ్ళి పశువుల డాక్టరుని ఎక్కించుకొచ్చాడు. ఆయన రెండు సూదిమందులు వేసి, "ఎంతసేపైంది తాగి?" అని అడిగి, సంచీ సర్దుకున్నారు. నేను దాని తల ఒళ్ళో పెట్టుకున్నాను. అంత బాధలోనూ నా గొంతు వినిపించినప్పుడల్లా తోక కొంచెం కదిపింది. అదే నాకు... పన్నెండు గంటలకి తోక ఆగిపోయింది.

కాలవ గట్టున తాడిచెట్ల వెనక మా ఆయన, మాణిక్యం గొయ్యి తీశారు. సొసైటీ వెనక్కి పంపిన బూజు చీరలో చుట్టి పెట్టాను. రిబ్బను తియ్యలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన అన్నారు. "మైలుతుత్తం కలిపింది నేను. పిల్లకి నా పేరు చెప్పు. నామీదే పోనీ."

"కలిపింది మీరు. తాగమన్నది నేను" అన్నాను. ఆ మాట అప్పుడే మొదటిసారి బయటికి అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేశారు.

గురువారం నుంచీ ఆదివారం దాకా పిల్లకి చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాను. దొడ్లో, పొయ్యి దగ్గర, రాట్నం ముందు, లోలోపల అనుకుంటూనే ఉన్నాను. పదింటికి ఫోను మోగింది.

"మామ్మా! నాకు తెలుగులో ఫస్టు! కండె ఏదీ?"

ఆ గొంతులో అంత సంతోషం అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"పడుకుంది తల్లీ" అన్నాను.

అంతే. ఎంత తేలిగ్గా వచ్చిందో నోట్లోంచి. ఈ ఒక్క వారమే, వచ్చే వారం చెబుతాను అనుకున్నాను. వచ్చే వారం, "మాణిక్యం తాతతో రైలుకట్ట దాకా వెళ్ళింది" అన్నాను. మూడో ఆదివారం పిల్ల అడిగే వేళకి వీధిలో ఏదో కుక్క మొరిగింది. "హాయ్, కండె అరిచింది! విన్నా, విన్నా!" అంది పిల్ల. నేను కాదనలేదు. ఆ పూట అన్నం ముందు కూర్చుంటే, పవన్‌కుమార్ వంటింట్లో నిలబడి గొంతు తగ్గించి చెప్పిన మాటలే చెవుల్లో వినిపించాయి. "చిన్నపిల్ల, తట్టుకోలేదని చెప్పలా." కంచం ముందునుంచి లేచిపోయాను.

దసరా సెలవులిచ్చిన మొదటి సోమవారం. బస్సు దిగి పిల్ల వీధి చివరనుంచే పరుగు. వెనకాల తండ్రి. పిల్ల చేతిలో కుక్క మెడకి కట్టే ఎర్ర బెల్టు, దానికి చిన్న మువ్వ. బెజవాడలో కొనిపించుకుందట.

"కండే! కండే!"

మాణిక్యం తన గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయాడు. వాడు అలా తప్పుకోవడం నా ఎరుకలో లేదు. మా ఆయన నోరు తెరవబోతే చేత్తో ఆపాను. పిల్లని అరుగు మీద, ఆ రోజు తండ్రి కూర్చోబెట్టిన చోటే కూర్చోబెట్టాను.

"అమ్మలూ, కండె లేదు. చచ్చిపోయింది."

పిల్ల నా నోటి వంక చూసింది. తరువాత వీధి వంక చూసింది.

"ఎప్పుడు?"

"వినాయకుణ్ణి కలిపిన మూడో రోజు. బుధవారం."

వేళ్ళు మడుచుకుంది. "అయితే, పడుకుందన్నావు."

"అబద్ధం."

"రైలుకట్టకి వెళ్ళిందన్నావు."

"అదీ అబద్ధమే తల్లీ."

"అరిచిందిగా? నేను విన్నాగా ఫోన్లో?"

"అది వేరే కుక్క."

తండ్రి తల దించుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

"ఎట్టా చచ్చిపోయింది?"

చెప్పాను. ముసురు, బూజు, మైలుతుత్తం, మా ఆయన చెప్పింది, నేను ఊఁ అని మరిచిపోయింది, గిన్నెలో పోసింది. పిల్ల మధ్యలో ఏడవలేదు, ఆపలేదు.

"ఎక్కడ పెట్టావు? చూపించు."

ఇద్దరం కాలవ గట్టుకి నడిచాం. చెయ్యి పట్టుకోబోతే ఇవ్వలేదు. తాడిచెట్ల వెనక మట్టి అణిగిపోయి, మీద గరిక మొలిచింది. పిల్ల గొంతుకూర్చుంది. అరచెయ్యి మట్టి మీద ఆనించింది.

"రిబ్బను ఉందా?"

"ఉంది. తియ్యలా."

"తనే తాగిందా మామ్మా? వాసన చూళ్ళేదా?"

నా ఆయుష్షులో నన్ను ఇంతమంది ఇన్ని అడిగారు. దేనికీ ఇంతసేపు పట్టలేదు జవాబు చెప్పడానికి. తనే తాగిందని అనొచ్చు. చూసినవాళ్ళు ఎవరూ లేరు. మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. తొమ్మిదేళ్ళ పిల్ల గుండెకి అది కాస్త తేలిక కూడానేమో.

"వాసన చూసింది. వద్దంది. నా మొహం చూసింది. నేను తాగమన్నాను" అన్నాను.

కాలవలో గుర్రపుడెక్క కొట్టుకుపోతోంది.

"నేనే చెప్పా దానికి. మామ్మ తాగమంటే తాగు అని" అంది.

అప్పుడు ఏడ్చింది. అమ్మ పోయిందని విన్ననాడు ఏడవని పిల్ల, ఆ గట్టు మీద, ఊపిరి అందనంతగా ఏడ్చింది. "నీ తప్పు కాదు నా తల్లీ, నీది కాదు, నాదే" అంటూ దగ్గరికి తీసుకోబోయాను. రెండు చేతులతో నన్ను నెట్టేసింది. నెట్టాక, నేను పడబోతానేమోనని నా కొంగు పట్టుకుంది. నిలదొక్కుకున్నానని చూసి వదిలేసింది.

రెండు రోజులు ఉండి వెళదామని వచ్చినవాళ్ళు ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయారు. ఎర్ర బెల్టు గట్టు మీద పెడుతుందేమో అనుకున్నాను. పెట్టలేదు. నాకూ ఇవ్వలేదు. మువ్వ చప్పుడు కాకుండా గుప్పిట్లో బిగించుకుని బస్సెక్కింది. కిటికీ పక్కనే కూర్చుంది గానీ నా వైపు చూడలేదు. మా ఆయన చెయ్యి ఊపారు. నేను ఊపలేదు, నాకు చెయ్యి రాలేదు.

ఇప్పుడు కార్తీకం. ఆదివారం పదింటికి ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. అది మోగదు. ఆకుపచ్చది నొక్కితే అవతల మోగుతుందని నాకు కృప నేర్పింది. నొక్కను. నొక్కితే "కండె ఏదీ?" అని అడిగేవాళ్ళు లేరు. అడిగినా ఈసారి నా దగ్గర నిజమే ఉంది, అది ఆ పిల్లకి ముందే తెలుసు.

ముసురు వెళ్ళిపోయింది. పడుగులు మళ్ళీ వేస్తున్నాం. గంజిలో మైలుతుత్తం లేదు, మా ఆయన ఆ డబ్బా చేపల కాలవకి దూరంగా గొయ్యి తీసి కప్పెట్టేశారు. అయినా పని అయ్యాక ఏ కుక్క తొట్టి వైపు వచ్చినా నేను కర్ర పట్టుకుని లేస్తాను. రాయి విసురుతాను. "చౌడేశ్వరమ్మగారికి ఈమధ్య కుక్కలంటే పడటం లేదు" అని వీధిలో అనుకుంటున్నారని మాణిక్యం చెప్పాడు. అనుకోనీ. మిగిలిన గంజి నేనే మోసుకెళ్ళి పారబోస్తాను. తొట్టి మూడుసార్లు కడుగుతాను. కడిగి, బోర్లించి, ఆ చివర కర్రల దగ్గర ఖాళీగా ఉన్న చోటు వంక ఒకసారి చూసి లోపలికి వస్తాను.